ఇరవై ఒక్క రోజుల నీళ్లు

మా పక్కింటివాళ్లు పైన ఇంకో అంతస్తు వేస్తున్నారు. స్లాబు పోసి ఇవాళ్టికి ఎనిమిది రోజులయింది. దాని మీద ఇసుకా సిమెంటూ కలిపి చిన్న చిన్న మళ్లు కట్టారు. పొద్దున లేస్తూనే ఆ ఇంటాయన పైపు పట్టుకొని మళ్లన్నీ నిండేదాకా నీళ్లు పెడుతుంటే, ఆ నీళ్లు అంచుల వెంట జారి మా వంటింటి కిటికీ మీది రేకు మీద టపటపా పడుతుంటాయి. కర్నూలులో ఈ ఎండల్లో అన్నేసి నీళ్లు పారబోస్తున్నాడేమిటని వీధిలో కొందరు సణుగుతున్నారు గానీ ఆయన చేసేది నూటికి నూరుపాళ్లు సరైన పని. నాకే ఆ చప్పుడు వినబుద్ధి కావడం లేదు. అది మొదలవగానే తింటున్న ఇడ్లీ వదిలేసి లేచిపోతున్నానని, ఒకసారి షుగరు చూపించుకోమని మా ఆవిడ పోరుతోంది. షుగరు కాదు. సంగతిలో ఆవిడకు సగమే తెలుసు, వారానికోసారి ఒక పాత ట్యాంకు చూడటానికి పోతున్నానని. రెండో సగం ఆవిడకు ఇంకా చెప్పలేదు.

సిమెంటు పని ఎండితే గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది తడిగా ఉన్నన్నాళ్లే గట్టిపడుతుంది. స్తంభాలకైతే గోనెసంచులు చుట్టి, పొద్దునా సాయంత్రం వాటిని తడుపుతూ, ఇరవై ఒక్క రోజులు ఆరిపోకుండా కాపాడుకోవాలి. దీన్నే క్యూరింగు అంటాం. కాలేజీలో మాకు నేర్పిన మొదటి పాఠాల్లో ఇదొకటి, పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు కూడా వచ్చాయి. నీళ్లు దొరకని ఊళ్లో ఏం చేయాలో మాత్రం ఆ పుస్తకంలో లేదు.

పల్లెలకు మంచినీళ్లిచ్చే శాఖలో చిన్న ఇంజనీరుగా చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మా నాయన మెట్టసేద్యం చేసుకునేవాడు, ఆకాశం వైపు చూసి చూసి ఆయన మెడ అట్లాగే నిలిచిపోయిందని మా అమ్మ ఎగతాళి చేసేది. కొడుకు జనానికి నీళ్లిచ్చే ఉద్యోగంలో చేరాడని ఆయన రచ్చబండ మీద చెప్పుకోని రోజు లేదు. నా మొదటి పని ఆలూరు వైపు ఒక పల్లెలో ఎత్తు ట్యాంకు కట్టించడం. ఊరి పేరు రాయను, నావల్ల ఆ ఊరు పడ్డది చాలు. బడిపంతులుగారి ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకొని, జొన్నరొట్టెలూ శనక్కాయల ఊరిబిండీ తింటూ, సైకిలు మీద తిరుగుతూ, ప్రపంచంలోకెల్లా గొప్ప ఇంజనీరును నేనేనన్నట్టు ఉండేవాణ్ని. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మొదటి ఉద్యోగంలో మన చొక్కా జేబులో పెన్ను కూడా ఎంత బరువుగా తోచేదో.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. ఊరిబావిలో బురద కూడా మిగల్లేదు. ఆడవాళ్లు తెల్లవారకముందే వంకలోకి పోయి ఇసుకలో చెలమలు తవ్వుకొని, అడుగున ఊరే నీళ్లను టెంకాయ చిప్పతో తోడి బిందెలో పోసుకునేవాళ్లు. ఒక బిందె నిండేసరికి పొద్దెక్కేది. ట్యాంకు పూర్తయితే దూరపు ఊరి బోర్ల నుంచి పైపుల్లో నీళ్లొస్తాయి కాబట్టి, ఊరంతా దాన్ని మోయాల్సిన ఆరు స్తంభాల చుట్టూనే తిరిగేది. పని కోసం కాంట్రాక్టరు రోజుకు ఒక ట్యాంకరు నీళ్లు తెప్పించేవాడు. ఆ ట్యాంకరు ఊళ్లోకి రావడం, స్తంభాలకు చుట్టిన గోనెసంచుల మీద మా కూలీలు నీళ్లు పోయడం, అవి కారి నేలలో ఇంకిపోవడం చూస్తూ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడేవాళ్లు. ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగకుండా నిలబడితే చూసేవాడికి ఎంత కష్టంగా ఉంటుందో నాకప్పుడే తెలిసింది.

స్తంభాలు పోసిన మూడో రోజున ఒకామె అడిగింది. చంకలో ఏడాది పిల్లవాడు, మెడ వాల్చేసి ఉన్నాడు.

"ఆ సిమెంటుకు పోస్తాండే నీళ్లు ఒక చెంబుడు మా పిల్లోనికి ఇయ్యి సారూ. వానికి రెండు దినాల నుంచి జరం."

ఇచ్చాను. ఎవరైనా ఇస్తారు. మరుసటిరోజు పదిమంది వచ్చారు, వాళ్లకూ ఇచ్చాను. ఆరో రోజుకు ట్యాంకరు నేరుగా ఊరి మధ్యకే పోయి ఆగింది. కాంట్రాక్టరు కాదనలేదు, నీళ్లు మోసే కూలీల పని తప్పిందని లోపల సంతోషించే ఉంటాడు. కాదన్నది ఒక్కడే, మా బేల్దారి మేస్త్రి. ఆదోని నుంచి వచ్చిన ముసలాయన. తెల్లగడ్డం, నెత్తిన ఎప్పుడూ తడిగుడ్డ. కట్టడం ఎట్లా ఉందో అరచేత్తో తట్టి చెప్పేవాడు. నాకు పని నేర్పింది కాలేజీ కాదు, ఆయనే. స్తంభం మీద ఎండిపోయిన గోనెసంచిని పక్కకు లాగి, అరచెయ్యి ఆనించి, నావైపు చూడకుండా అన్నాడు.

"మీరు చేస్తాండేది పుణ్యమే, కాదన్ను సార్. కానీ ఇవి ఎండిపోతాండాయి. ఈడ నీళ్లు లేవని పైకి రాయండి. పని ఆపుదాం. వాన పడినంక చేసుకుందాం."

అంత సులువైన మాట నాకు తట్టలేదని చెప్పుకుంటే అబద్ధం. తట్టింది. కానీ మా పై అధికారి అప్పటికే ప్రారంభోత్సవానికి రోజు పెట్టించుకున్నాడు, పెద్దలను పిలిచాడు. నీళ్లు లేవని, ఇంకో ట్యాంకరు కావాలని, లేదంటే పని ఆపాలని కాగితం పెడితే కొత్తగా చేరినవాడికి ఇంత నీలుగుడా అంటాడని భయపడ్డాను. అందుకని ఒక పని చేశాను. పని జరిగేచోట మాకొక రిజిస్టరు ఉండేది. ప్రతి సాయంత్రం బడిపంతులుగారి అరుగు మీద కూర్చొని అందులో గుండ్రటి అక్షరాలతో "ఉదయం, సాయంత్రం స్తంభాలకు నీళ్లు పోయించడమైనది" అని రాసి కింద సంతకం పెట్టాను. ఇరవై ఒక్క రోజులూ పెట్టాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నా ఉద్యోగంలో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్లీ రాలేదు. ఊళ్లో నాకు నీళ్ల సారు అని పేరొచ్చింది. నేను వీధిలో పోతుంటే ముసలివాళ్లు లేచి నిలబడేవాళ్లు. జ్వరం తగ్గిన పిల్లవాణ్ని ఆమె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ట్యాంకు ప్రారంభోత్సవం రోజున ఊరంతా పసుపునీళ్లు చల్లుకున్నారు, మా పై అధికారి నా భుజం తట్టాడు, నన్ను కడపకు మార్చారు. మేస్త్రి మాత్రం ఆ రోజు రాలేదు. ఆ తరువాత ముప్పై ఏళ్లపాటు కడప జిల్లాలో నేను కట్టించిన ప్రతి పనిలోనూ నీళ్లు పెట్టడం దగ్గర రాక్షసుణ్నని పేరు తెచ్చుకున్నాను. గోనెసంచి ఆరిందంటే ఎంతటివాణ్నయినా తిట్టేవాణ్ని. ఎందుకంత కోపమో నా కింద పనిచేసినవాళ్లకు అర్థమయ్యేది కాదు.

నాలుగు నెలల కిందట ఆలూరు వైపు బంధువుల పెళ్లికి పోయి వస్తూ, ఏమనిపించిందో, కారు ఆ ఊరివైపు తిప్పించాను. ట్యాంకు నిలబడే ఉంది. దగ్గరికి పోయి చూశాను. స్తంభాల మీది సిమెంటు అరచేతులంత పెచ్చులుగా ఊడి లోపలి ఇనుప చువ్వలు బయటపడ్డాయి, గోటితో గీకితే తుప్పు పొరలుగా రాలింది. నీళ్లు తాగని చోటల్లా గాలీ తేమా లోపలికి పోయి ఇనుమును తినేస్తున్నాయి. పైన ఊరికి సరిపడా నీళ్ల బరువు. దాని పక్కనే, ఇరవై అడుగుల దూరంలో, నీడగా ఉందని అంగన్‌వాడీ గది కట్టారు. నేను పోయినప్పుడు పిల్లలు వరసగా కూర్చొని కోడిగుడ్లు తింటున్నారు.

నన్ను గుర్తుపట్టింది అప్పుడు చెంబుడు నీళ్లడిగిన ఆమే. జుట్టు నెరిసింది. నీళ్ల సారొచ్చినాడని కేకేసి, ఇంటికి పట్టుకుపోయి మజ్జిగ ఇచ్చింది. ఆ రోజు జ్వరంతో మెడ వాల్చిన పిల్లవాడు ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడట, వాడి కూతురికి నాలుగేళ్లు. పగలంతా అంగన్‌వాడీలోనే ఉంటుందని చెబుతుంటే మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆమె నా కాళ్లకు దండం పెడుతుంటే వద్దని కూడా అనలేకపోయాను.

ఇంటికొచ్చాక పది రోజులు ఊరుకున్నాను. ఎందుకని అడగండి, పింఛనుకు భయపడి. ఈ వయసులో విచారణలూ నోటీసులూ వస్తే మా ఆవిడ తట్టుకోలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, తట్టుకోలేనిది నేనే. ఆ పది రోజుల్లో ఆ ట్యాంకు పడిపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం పుడుతుంది. పదకొండో రోజున ఇక్కడి ఆఫీసుకు పోయాను. ఇప్పుడక్కడున్న ఇంజనీరమ్మ నా కూతురి వయసుది, మర్యాదగల పిల్ల. కుర్చీ వేసి, అంతా విని, ఎక్కడెక్కడో వెతికించి పాత ఫైలు తెప్పించింది. అందులో నా రిజిస్టరు ఉంది. సిరా కూడా చెదరలేదు. పేజీలు తిప్పి ఆమె నావైపు చూసింది.

"ఇరవై ఒక్క రోజులూ నీళ్లు పెట్టినట్టు మీ చేతిరాతే ఉంది కదా సార్. పైవాళ్లు దేన్ని నమ్మాలంటారు?"

ఆమెను తప్పుపట్టలేను. చేసిందంతా కాగితం మీద రాసి, నేను రాసింది అబద్ధమని సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె దాన్ని పైకి పంపింది. అది ఒక బల్ల మీదినుంచి ఇంకో బల్ల మీదికి పోతూ, పరిశీలనలో ఉన్నదని రెండుసార్లు జవాబొచ్చింది. ఆ పిల్ల ఉండబట్టలేక తానే పోయి, ట్యాంకు కింద నిలబడరాదని ఒక బోర్డు పాతించి వచ్చింది. ఇప్పుడు దానిమీద ఎవరో చీరలు ఆరేసుకుంటున్నారు.

అప్పటినుంచి ప్రతి సోమవారం బస్సెక్కి ఆ ఊరికి పోతున్నాను. ఊరి పెద్దమనిషి, ముప్పై అయిదేండ్లు నిలబడింది ఇప్పుడెందుకు పడుతుందప్పా అని నవ్వుతాడు. అది నిలబడిన ప్రతిరోజూ నా మాట ఇంకొంచెం చులకనవుతోంది. ట్యాంకు ఖాళీ చేయమంటే ఈ ఎండల్లో మళ్లీ చెలమలకు పొమ్మంటావా అని ఆడవాళ్లు నిలదీశారు. అప్పుడు తప్పించుకున్న లెక్కే మళ్లీ నా ముందుకొచ్చి కూర్చుంది. కనీసం పిల్లలనైనా తీసుకుపొమ్మంటే, ఇంకో గది చూపించండి సార్, ఈ పూటే పోతామంటుంది అంగన్‌వాడీ టీచరు. ఆమెదీ న్యాయమే. అందరిదీ న్యాయంగానే ఉంది, ఆ స్తంభాలు మాత్రం రాలిపోతున్నాయి. నేను ఎదురుగా కల్వర్టు మీద కూర్చొని, పిల్లలు ఇళ్లకు పోయేదాకా చూసి, చివరి బస్సుకు వస్తుంటాను. నేను కూర్చుంటే ట్యాంకు ఆగుతుందా? ఆగదని నాకంటే బాగా ఎవరికి తెలుసు.

మొన్న సోమవారం, ఆనాడు నీళ్లడిగిన ఆ తల్లిని ట్యాంకు దగ్గరికి పిలిచి అంతా చెప్పాను. మొదట ఆమెకు అర్థం కాలేదు. ఇన్నాళ్లూ సారుకు వయసైపోయి చాదస్తంగా తిరుగుతున్నాడనుకుందట. ఎండిన గోనెసంచుల సంగతి, మేస్త్రి మాట, నా రిజిస్టరు, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. ఆమె స్తంభం దగ్గరికి పోయి బయటపడిన చువ్వను వేలితో తడిమింది.

"అయితే ఆ పొద్దు మేము తాగింది దీని నీళ్లా సారూ?"

అవునన్నాను. తప్పు మీది కాదమ్మా, నాది, నీళ్లు ఇవ్వడం కాదు, పోశానని రాయడం నా తప్పు అని ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. తిన్నగా ఇంట్లోకి పోయి బిందె నిండా నీళ్లు తెచ్చింది. స్తంభం మొదట్లో, సిమెంటు ఊడిన చోట, చేత్తో తడుపుతూ నెమ్మదిగా పోసింది. తుప్పు కలిసిన ఎర్రనీళ్లు ఆమె కాళ్ల మీదుగా పారాయి. బిందె ఖాళీ చేసి నావైపు తిరిగింది.

"ఇప్పుడు పోస్తే పట్టదా సారూ? ఊర్లో ఆడోళ్లమంతా తలా ఒక బిందె పోస్తాం. ఇరవై ఒక్క దినాలేనంటివి కదా."

తల అడ్డంగా ఊపాను. ఆమె ఖాళీ బిందె అక్కడే పెట్టేసి, అంగన్‌వాడీలోకి పోయి మనవరాలిని చంకనెత్తుకొని, ఇంటికి వెళ్లిపోయింది. ఈసారి దండం పెట్టలేదు. అదొక్కటే ఈ నాలుగు నెలల్లో నేను సాధించింది. మిగతా పిల్లలు అక్కడే ఉన్నారు.

ఇవాళ పక్కింటాయన గోడ మీదినుంచి తొంగిచూసి, ఎనిమిది రోజులయింది కదా సార్, ఇక ఆపేయొచ్చా అని అడిగాడు. ఇరవై ఒక్క రోజులు తప్పదని చెప్పాను. ఇప్పుడు కర్నూలులో మీట నొక్కితే మేడ మీదికి నీళ్లెక్కుతాయి, పైపు పట్టుకుంటే చాలు. ఆ రోజుల్లో అట్లా లేదని, కరువు కాలమని, చిన్నతనమని నా ఈడువాళ్లు నన్ను ఓదార్చడానికి చూస్తారు. కరువు నీళ్లకే వచ్చింది, రిజిస్టరులో నిజం రాయడానికి కావలసిన సిరా నా జేబులోనే ఉంది. ఎండలు ముదురుతున్నాయి. ఆ ట్యాంకును రోజుకు రెండుసార్లు నింపుతున్నారు. రేపు సోమవారం, మొదటి బస్సు ఆరు గంటలకు.