కోటగోడ కింద మూసిన తూములు

మా వంటింటి మీద పడ్డది దేవుడు పంపిన వాన కాదు. ఫిల్మ్ నగర్ గుట్ట మీద, మా నెత్తిన ఉన్న బంగ్లా గోడ. గీ మాట కోర్టుల చెప్పిన, ఇప్పుడూ చెప్తున్న.

నేను సినిమా సెట్లకు సిమెంటు పూసే మేస్త్రీని. ఆ బంగ్లాల షూటింగ్ పెట్టినప్పుడు, గుట్ట మన్నును ఆపే గోడను పాతకోట లెక్క చెయ్యమన్నరు. గోడ నిండ, వెనక నీళ్లు బయటికి కారేటందుకు పైపు తూములుండె. కోటకు ప్లాస్టిక్ పైపులేందని సినిమావోళ్లు అంటే, అన్నిట్ల గుడ్డలు కుక్కి పైన సిమెంటు పూసిన. నా చేతులతోనే.

షూటింగ్ అయినంక సెట్ పీకి, జాగా ఎట్లుండెనో గట్ల అప్పజెప్పి ఓనరు సంతకం తీసుకునుడు మా రివాజు. పీకుతందుకు నిచ్చెన వేస్తే బంగ్లా సారు అడ్డమొచ్చిండు. కోట మంచిగున్నది, ఉండనియ్ అన్నడు. నీళ్లు ఆగుతయ్ సార్, గోడ ఆగదన్న. నాకే ఇంజనీరింగ్ నేర్పుతవా అని నవ్విండు. జాగా అప్పజెప్పే కాయితం మీదనే 'గోడ పని తీయవద్దు' అని రాసి సంతకం పెట్టిండు. నేను గమ్మున నిచ్చెన దించిన. గది తల్సుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతది.

ఆ వానాకాలమే గోడ కూలింది. నా పెండ్లాం ఆరేసిన బట్టలు తీస్తందుకు బయటికి పోయింది కాబట్టి బతికింది.

నష్టం కట్టియ్యాలని బంగ్లా సారు మీద కేసేసినం. గుట్ట తొలిచి ఇల్లు కట్టుకున్నది వీళ్లే, ఖాళీ చేయించుండ్రి అని కోర్టుల ఆయన వకీలు వాదించిండు. పట్టా ఉన్న ఇల్లు మాది. కోర్టు పంపిన ఇంజనీరు వచ్చి చూసి, తూములు మూసి ఉన్నయని, గోడెనక నీళ్లు నిండి ఆ బరువుకే కూలిందని రాసిండు. మూసిందెవరో ఆయనకు తెల్వదు. సారు రాసిన కాయితం నా పనిముట్ల పెట్టెలనే ఉన్నది. అది చూపియ్యాలంటే మూసింది నేనేనని ఒప్పుకోవాలె. మా లాయరమ్మ భయపడ్డది. "తప్పంత నీ మీదికే తిప్పుతరు, జర ఆలోచించు" అన్నది.

ఆలోచించేదేముంది? బోనెక్కి చెప్పిన. కాయితం జడ్జి ముందల పెట్టిన.

"అంటే తప్పు నీదే కదా?" అని ఆయన వకీలు అడిగిండు.

"నా వంతు నాది. రాస్కోండ్రి. తియ్యొద్దన్నోని వంతు గుడ రాయుండ్రి."

బంగ్లా సారు తల ఎత్తలే, ఫోన్ చూస్కుంట కూసున్నడు.

తూములు నేనే మూసిన సంగతి నా పెండ్లాం ఆడనే మొదటిసారి విన్నది. ఆటో ఎక్కినంక అన్నది: "ఇంటికి పోయినంక నీ సంగతి చెప్త. కేసు మాత్రం ఇడ్వకు."