ఎత్తు కింద ఒక్క ముక్క

నాకు చదరంగం నేర్పినాయనను మొదటిసారి చూసింది మాచర్ల వెళ్లే రైల్లో. అప్పుడు నాకు ముప్పై మూడేళ్లు. భర్త నుంచి విడిపోయి, గురజాలలో ఒక దస్తావేజుల లేఖరి దగ్గర కంప్యూటర్ ఆపరేటరుగా చేరి మూడు నెలలైంది. ఆ రోజు సత్తెనపల్లిలో కోర్టు వాయిదాకు వెళ్లి తిరిగి వస్తున్నాను. ఎదురు సీట్లో ఒక పెద్దాయన అయస్కాంతపు పావులున్న చిన్న బోర్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పిడుగురాళ్ల దాటినా ఒక్క పావు కదపలేదు. పక్కన ఒక పోస్టుకార్డు ఉంది.

"ఎవరితో ఆడుతున్నారు బాబాయ్?" అని అడిగాను.

"ఒంగోల్లో ఒకాయనతో. కార్డుల మీద ఆడతాం."

"ఇంకా కార్డులేంది? ఫోనుందిగా?"

"ఫోన్లో చెయ్యి ఆగదమ్మా. కార్డు రాయాలంటే మనిషి కాస్త నిమ్మళపడతాడు."

సాగర్ డ్యాం గేట్ల దగ్గర మెకానిక్‌గా చేసి రిటైరయ్యానని, భార్యతో విజయపురి సౌత్‌లో ఉంటున్నానని చెప్పాడు. నాకు ఆట తెలుసా అని అడిగాడు. బడిలో పావులు నడపడం నేర్చుకున్నాను, అంతే, అన్నాను. "అది చాలు" అని గురజాల స్టేషన్ వచ్చేలోపు నా అడ్రసు రాయించుకున్నాడు.

మర్యాదకు రాయించుకున్నాడనుకున్నాను. వారం తిరక్కుండా కార్డు వచ్చింది. "తెల్లపావులు నీవి. మొదటి ఎత్తు రాయి" అని ఒక్క వాక్యం, కింద సాయిబుల ఇళ్లలో పెద్దవాళ్లు పెట్టే పద్ధతిలో ఒక దీవెన.

ఆ రోజుల్లో సాయంత్రం ఆరు తర్వాత నాకు ఏ పనీ ఉండేది కాదు. ఒక గది, ఒక స్టవ్వు. కింది వాటాలో ఇల్లుగలామె. ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె మంచిదే, కానీ కనిపించినప్పుడల్లా "మీ ఆయన ఏమన్నా ఫోన్ చేశాడామ్మా?" అని అడిగేది. ఆఫీసులోనూ, కూరగాయల కొట్టు దగ్గరా నా సంగతి తెలిసినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అందుకని బజారులో ఒక ప్లాస్టిక్ చదరంగం కొనుక్కొచ్చి, గదిలో ట్రంకుపెట్టె మీద పరిచాను.

మొదటి ఆటలో కార్డు అందిన రోజే జవాబు రాసి డబ్బాలో వేసేదాన్ని. పద్నాలుగో ఎత్తుకు నా ఆట కట్టు. అంత చిన్న ఆటకే ఆరు నెలలు పట్టింది, కార్డు చేరడానికే మూడు నాలుగు రోజులు కదా. ఆఖరి కార్డులో ఆయన ఇలా రాశాడు: "ఈసారి నుంచి నా కార్డు మూడు రోజులు నీ దగ్గర ఉంచుకో. ఎత్తు కింద అది ఎందుకు వేశావో ఒక్క ముక్క రాయి. రాయలేకపోతే ఆ ఎత్తు వెయ్యొద్దు."

ఆ ఒక్క ముక్క రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రెండో ఆటలో నా మంత్రిని తొందరగా బయటికి తీసి "దాడికి" అని రాశాను. "ఇది దాడి కాదు. నేనేదో చేస్తానని నీ భయం. నేనేం చేయబోతున్నానో ముందు చూడు" అని జవాబు వచ్చింది. బోర్డును ఆయన వైపు నుంచి చూడటానికి ట్రంకుపెట్టె చుట్టూ తిరిగి అవతల కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. అక్కడి నుంచి చూస్తే నా పావులు ఎంత చెదిరిపోయి, ఎంత దిక్కులేనట్టు ఉండేవో. మూడో ఆటలో బంట్ల సంగతి నేర్పాడు. "అన్నీ వెనక్కి రాగలవు. బంటు రాలేదు. అందుకని దాన్ని కదిపేటప్పుడు ఇంకో రోజు ఆగు" అని రాశాడు. అది కూడా ఓడిపోయాను, కానీ నలభై ఎత్తులు నిలబడ్డాను.

నాలుగో ఆట డ్రా అయింది. ఐదోది గెలిచాను.

గెలిచానని చెప్పుకోడానికి ఎవరూ లేక కిందికి వెళ్లి అత్తకు చెప్పాను.

"గెలిస్తే ఏమిస్తారే?"

"ఏమీ ఇయ్యరత్తా."

"మరి ఎందుకే అంత నవ్వు?" అని తనూ నవ్వింది. ఆ రోజు ఫోను సంగతి అడగలేదు.

ఆరో ఆట మొదలయ్యాక తేడా కనిపించింది. తొమ్మిదో ఎత్తులో ఆయన గుర్రాన్ని ఊరికే వదిలేశాడు. ఉచ్చు అనుకుని ఎనిమిది రోజులు ఆలోచించాను. ఎటు చూసినా ఉచ్చు లేదు. తీసుకున్నాను. తర్వాతి కార్డులో ఆ చచ్చిన గుర్రాన్నే మళ్లీ కదిపాడు. అది బోర్డు మీద లేదని రాస్తే, పాత కార్డులోని ఎత్తునే తిరిగి పంపాడు. ఒకసారి నా అడ్రసు తప్ప మరేమీ రాయని కార్డు వచ్చింది.

నాకు కోపం వచ్చింది. చిన్నపిల్లను గెలిపించినట్టు నన్ను గెలిపిస్తున్నాడనుకున్నాను. ఐదో ఆట కూడా అలాగే ఇచ్చి ఉంటాడనిపించేసరికి ఒళ్లు మండింది. "మీరు కావాలని ఓడిపోతున్నారని అర్థమైంది. నామీద జాలి ఉంటే ఆట ఆపేయండి. జాలిపడేవాళ్లు నాకు ఇక్కడ కావలసినంతమంది ఉన్నారు" అని రాసి, మూడు రోజులు ఆగకుండా ఆ పూటే డబ్బాలో వేశాను.

నెల దాకా జవాబు లేదు. తర్వాత వేరే చేతిరాతతో కార్డు వచ్చింది. ఆయన భార్య రాసింది. "నీ కార్డు చదివి ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. కావాలని కాదమ్మా. ఆయనకు జ్ఞాపకం నిలవట్లేదు. వీలుంటే ఒకసారి రా."

ఆ ఆదివారమే మాచర్లలో బస్సు మారి వెళ్లాను. తలుపు తీసినామె నన్ను చూసి ఏమీ అడక్కుండా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆయన కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు.

"ఎవరొచ్చారో చూడు" అందామె.

ఆయన లేచి నిలబడబోయాడు. "రాండమ్మా. ఆఫీసు నుంచేనా? ఏ గేటు?"

"గేటు కాదు బాబాయ్. గురజాల నుంచి వచ్చాను."

"గురజాలా? చానా దూరం" అన్నాడు.

ఆమె వంటింట్లోంచి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. పైన నా కార్డులన్నీ వరుసగా ఉన్నాయి. కింద ఆయన రాసి పంపనివి. ఒకే ఎత్తుకు ఐదు కార్డులు, ఆరు కార్డులు, రాసి కొట్టేసినవి. ఎత్తు కింద ఒక్క ముక్క రాయడానికి చేసిన ప్రయత్నం ప్రతి దాంట్లోనూ సగంలో ఆగిపోయింది. "ఎందుకంటే" అని రాసి, ఆ తర్వాత ఖాళీ.

"ఎప్పటి నుంచి పిన్నీ?"

"బయటపడి రెండేళ్లయింది. నీకు చెప్పొద్దన్నాడు. ఆ పిల్ల ఇప్పుడిప్పుడే ఆడుతోంది, ఆపేస్తది అన్నాడు."

లెక్క నాకు వెంటనే అర్థమైంది. డ్రా, గెలుపు, రెండూ ఆ రెండేళ్లలోవే. నేను పైకి వస్తున్నాననుకున్న ప్రతి మెట్టు దగ్గరా ఆయన కిందికి దిగుతూ ఉన్నాడు. నా కార్డు సంగతి ఎత్తి, తప్పయిపోయింది బాబాయ్ అన్నాను. ఆయనకు ఏ కార్డో తెలియలేదు. "పర్లేదులే" అన్నాడు, పొరపాటున తన కాలు తొక్కినవాళ్లతో అన్నట్టు.

పిన్ని బోర్డు పెట్టింది. పావులు ఒక్క తప్పు లేకుండా పేర్చాడు. ఐదారు ఎత్తులు ఎప్పటిలాగే ఆడాడు. తర్వాత ఆగి, "ఎవరి వంతు?" అన్నాడు. "మీదే." ఒక నిమిషం చూసి మళ్లీ అడిగాడు. "మీదే బాబాయ్." రాజును తీసి గుర్రంలా నడిపాడు. నా వంతుకు, ఆయన గెలవడానికి వీలుగా మంత్రిని తీసుకెళ్లి ఆయన బంటు కొట్టే గడిలో పెట్టాను.

ఆయన చెయ్యి పావు మీదకు రాలేదు. తలెత్తి నన్ను చూశాడు. ఆ రోజంతా చూడని చూపు అది.

"ఇట్టా ఎందుకేశావు?"

"ఏదో వేశాను బాబాయ్."

"ఏదో వెయ్యకూడదమ్మా" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయాడు.

పంపుతూ ఉండమని పిన్ని అడిగితే, ఇంకో ఏడాది కార్డులు రాశాను. జవాబులు ఆమే రాసేది, ఆయన చెప్పినవే రాస్తున్నానని. ఎత్తులు పొంతన లేకుండా ఉండేవి. నేను బోర్డు మీద పెట్టేదాన్ని కాదు. ఒకసారి వానాకాలంలో ఆమె ఇలా రాసింది: "ఇక పంపొద్దమ్మా. కార్డు వచ్చిందంటే తనేదో చెయ్యాలని తెలుస్తోంది, ఏం చెయ్యాలో తెలియట్లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇల్లంతా వెతుకుతున్నాడు. చూడలేకపోతున్నాను."

ఆపేశాను. సగం రాసి ఉన్న కార్డు చించి పొయ్యి దగ్గర పడేశాను.

ఇప్పుడు ఫోన్లోనే, మూడు రోజులకో ఎత్తు చొప్పున, ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఆడుతున్నాను. బాగానే ఆడుతున్నాను. ఎత్తు కింద వాళ్లెవరూ ఏమీ రాయరు, నేనూ రాయను. ఒకరోజు మా నాలుగో ఆటను ఫోను చేత పరీక్ష చేయించాను. ముప్పై ఎనిమిదో ఎత్తు దాకా ఇద్దరం చక్కగానే ఆడామని, అక్కడ ఆయన ఒక చిన్న పొరపాటు చేశాడని చూపించింది. ఆ పొరపాటు నా ఆట వల్ల జరిగిందా, ఆయన జబ్బు వల్ల జరిగిందా అన్నది ఫోను చెప్పదు. నేను కూడా ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

పోయిన నెల సాగర్ వెళ్లాను. ఆయన పడుకుని ఉన్నాడు, చాలా చిక్కిపోయాడు. లేపొద్దన్నాను. పిన్నీ నేనూ వంటింట్లో కింద కూర్చుని గోంగూర ఆకులు తుంచుకున్నాం. మూడు గంటల బస్సుకు బయల్దేరుతుంటే ఆమె వీధి మలుపు దాకా వచ్చి, ఇంట్లో ఒక్కడే ఉన్నాడని గుర్తొచ్చి గబగబా వెనక్కి వెళ్లిపోయింది.