వసుధ ఇంటికి రాని గ్యాస్

తొమ్మిదేళ్లుగా ఒక కాగితం నా బీరువాలో చీరల కింద ఉంది. చింపలేదు. పారెయ్యలేదు. చీర తీసిన ప్రతిసారీ చెయ్యి దానికి తగులుతుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

మేముండేది ఆస్ట్రేలియాలో, బల్లారట్ శివార్లలో. చలికి పేరుమోసిన ఊరు. మా వీధిలో గ్యాస్ పైపు మా ఇంటి దాకా వచ్చి ఆగిపోయింది. మా తర్వాతి ఆరు ఇళ్లకూ గ్యాస్ లేదు. ఇదీ ఒక గొప్పేనా అంటారేమో. నాకు గొప్పే. ఇక్కడ చలికాలం జూన్‌లో మొదలవుతుంది, జూన్ వచ్చిందంటే తెలుగు ఆడవాళ్లంతా మా ఇంట్లోనే. నేలలోని జాలీల్లోంచి గ్యాస్ హీటర్ వేడిగాలి వస్తుంటే చుట్టూ చేరి కబుర్లు. వాళ్ల ఇళ్లలో పాలు తోడుకోవు, ఇడ్లీ పిండి పులవదు. గిన్నెలు తెచ్చి మా జాలీ పక్కన పెట్టి వెళ్లేవారు. "నీ ఇల్లు బంగారం అక్కా" అనేవారు. ఆ మాట కోసం ఇంకో పది గిన్నెలకైనా కాపలా కాసేదాన్ని.

అప్పుడు వసుధ వచ్చింది. విజయవాడ పిల్ల, నర్సు, నాకంటే ఆరేళ్లు చిన్నది. ఆ ఆరింటిలో అన్నిటికన్నా పెద్ద ఇల్లు కొనుక్కుంది. హాల్లో శనివారాలు కూచిపూడి నేర్పడం మొదలుపెట్టింది. మొదట నలుగురు పిల్లలు, మూడు నెలలకు పదిహేను మంది. వాళ్లలో మా అమ్మాయి కూడా. ఇంటికొచ్చి, "వసుధ ఆంటీ ఈజ్ అమేజింగ్, అమ్మా" అనేది. చిన్నప్పుడు నేనూ నాలుగేళ్లు నేర్చుకున్నాను, మధ్యలో మానేశాను. ఆ సంగతి మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చేసి చూపించమంటుందనా? వసుధ పాదం నేల మీద పడిన చప్పుడు వింటే నా కడుపు మండిపోయేది. దానికి ఇంకో పేరు వెతుక్కోను. అసూయే.

ఆ ఏడాది చలికి పిల్లలు ఒట్టి కాళ్లతో ఆ నేల మీద నిలబడలేకపోయారు. చలి తగ్గేదాకా క్లాసు ఆగింది. సరిగ్గా అప్పుడే గ్యాస్ వాళ్ల ఉత్తరం వచ్చింది. ఆరు ఇళ్లవాళ్లూ సంతకం చేసి ఇస్తే పైపు పొడిగిస్తారట. శనివారం కమ్యూనిటీ హాల్లో కాగితాలు తీసుకుంటారట.

శుక్రవారం సాయంత్రం వసుధ మా గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, రేపు నాకు మార్నింగ్ షిఫ్ట్. ఈ ఫారం నువ్వే ఇచ్చెయ్యవా? నీ చెయ్యి మంచిది. మా ఆడపడుచు రాలేదని గృహప్రవేశానికి నీ చేతే కదా పాలు పొంగించాను! అంతా కలిసొచ్చింది."

"దాందేముందే, ఇస్తాలే."

"హీటింగ్ వస్తే జూలైలో కూడా క్లాస్ ఆపక్కర్లేదక్కా."

మర్నాడు వెళ్లాను. అది మాత్రం నిజం. కారు ఆపి అందులోనే కూర్చున్నాను. అద్దంలోంచి హాల్లో బల్ల వెనక కాగితాలు తీసుకుంటున్న గ్యాస్ కంపెనీ అమ్మాయి కనిపిస్తూనే ఉంది. గ్యాస్ వస్తే వసుధ ఇల్లు ఎలా ఉంటుందో కళ్లముందు మెదిలింది: వెచ్చటి పెద్ద హాలు, అందులో గజ్జెల చప్పుడు, గోడవారగా తల్లుల కబుర్లు, వంటగదిలో వరసగా అందరి పాలగిన్నెలు, ఇవతల ఖాళీ ఇంట్లో నేనూ నా జాలీలూ. ఇంకా టైముందిలే అనుకున్నాను. వాళ్లు బల్ల మడిచేదాకా అలాగే అనుకున్నాను. ఇంటికొచ్చాక వసుధ ఫోన్లో "ఇచ్చావా అక్కా?" అని అడిగింది. ఇచ్చానన్నాను.

అందరూ ఒప్పుకోలేదు కాబట్టి పైపు రాదని రెండు వారాలకు జవాబొచ్చింది. ఆ ఆరిళ్లలో మూలింటి పెద్దాయన ఇవ్వలేదని వసుధ తేల్చేసింది. గ్యాస్ దండగని ఆయన ఒకసారి అన్నాడట. ఆయనతో పలకరింపు మానేసింది. నేను ఔననలేదు, కాదనలేదు. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. తర్వాత ప్రభుత్వమే కొత్త ఇళ్లకు గ్యాస్ వద్దనే రోజులొచ్చాయి, మళ్లీ అడిగే దారి లేకపోయింది. వసుధ చిన్న కరెంటు హీటర్లు కొంది. అంత పెద్ద హాలుకు అవేం సరిపోతాయి? రెండు చలికాలాల తర్వాత క్లాసు మూసేసింది. మా అమ్మాయి నాట్యం అక్కడితో ఆగిపోయింది. అది కూడా నా పనే.

నాకు కావలసింది దక్కింది. జనం మా ఇంటికే వచ్చారు. వసుధ కూడా పాలగిన్నె పట్టుకుని వచ్చేది.

పోయిన నెల ఆమె హాలుకు పెద్ద ఎలక్ట్రిక్ హీటింగ్ పెట్టించింది. నన్ను పిలిచి రిమోట్ చేతిలో పెట్టింది.

"నీ చెయ్యి మంచిదక్కా. నువ్వే నొక్కు."

నొక్కాను. వేడిగాలి వచ్చింది. వసుధ సాక్సులు తీసేసి హాలు మధ్యకు వెళ్లి ఒక అడుగు వేసింది. రెండోది వెయ్యబోయి మోకాలు పట్టుకుని నవ్వింది. "మనం ముసలైపోయాం అక్కా" అంటూ నా చెయ్యి పట్టుకుంది. మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. చెబితే క్షమించేస్తుందేమోనని కూడా భయంగా ఉంది.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. మూలింటి పెద్దాయన సంతకం చేసి ఇచ్చాడు, ఆ రోజు కారులోంచి చూశాను. వసుధ కాగితాన్ని నేనే ఇవ్వలేదు. కావాలనే ఇవ్వలేదు. ఇంతవరకూ ఈ మాట ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.