గుండె డాక్టరుకు నేను చెప్పిన అబద్ధం

హెచ్‌ఐవీ మందులు వాడే మా గుండెల గురించి ముందుగా ఏం పరిశోధించాలో చెప్పమని ఇవాళ ఆ మందులిచ్చే మా సెంటర్లో, పరిశోధన చేసే ఒక డాక్టరమ్మ అడిగింది. బీపీ, కొవ్వు అన్నారు అందరూ. సిగరెట్ల జోలికి మాత్రం రావద్దన్నాను నేను. నవ్వులు.

మా ఆవిడ లేచింది. “మేడమ్, ఛాతీల నొప్పని ఈయన్ను చాంద్రాయణగుట్టల గుండె డాక్టర్‌కు చూపిస్తే, గీ హెచ్‌ఐవీ గోలీలనే బలానికేసుకునే తాకత్ గోలీలని చెప్పిండు. సీసా మీద పేరు గిట్ల ముందే గీకేసిండు. గా గోలీలు, గుండె గోలీలు లోపల లొల్లి పెట్టుకుంటే నేనేం గావాలె? ముందు గీ సిగ్గెట్ల పోతదో కనిపెట్టుర్రి.”

డాక్టరమ్మ అదే మొదట రాసుకుంది.

రేపు మళ్లీ ఆ గుండె డాక్టర్ దగ్గరికి పోతున్నాం. మాట్లాడేది మా ఆవిడేనట. గుండె నాదే, పెత్తనం ఆమెది. మీ ఇంట్లో ఎట్లా?