మూడో అంతస్తుల లారీ

మంగళవారం పొద్దుగాల అత్త ఫోన్ చేసింది. "మీ చిన్నమామ లేడే" అన్నది, అంతే. నిద్రలనే పోయిండట. మా అమ్మకు తమ్ముడు. నాచారంల మూడో అంతస్తు ఇంట్ల, కిటికీ పక్కన కంప్యూటర్ ముందు తొమ్మిదేండ్లు కూసున్న మనిషి.

అంతకుముందు డీసీఎం లారీ నడిపేటోడు. నాచారం ఫ్యాక్టరీల కాడ సరుకెత్తుకొని వరంగల్ దాక పోయొచ్చేటోడు. ఒకసారి లోడు దించుతుంటే పెట్టె నడుము మీద పడ్డది. కాళ్లు మళ్ల లేవలే. ఆ బిల్డింగుకు లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. డాక్టరు గూడ ఇంటికే వచ్చేటోడు. దవాఖాన నుంచి మోసుకొచ్చిన దినమే "కింద ఇల్లు సూద్దాం" అనుకున్నం. తొమ్మిదేండ్లు సూస్తనే ఉన్నం.

మామ కంప్యూటర్ గేముల లారీ నడిపేటోడు. బల్లకు స్టీరింగ్ బిగిచ్చుకున్నడు, కాలుతోని తొక్కే పెడల్‌ని చేత్తోని ఒత్తేటోడు. పొద్దున ఛాయ్ తాగి "పోయొస్త" అని అత్తకు చెప్పి స్క్రీన్ దిక్కు తిరిగేటోడు. అత్త వంటింట్ల నుంచే "పైలం" అనేది. నవ్వులాటకే మొదలువెట్టిన్రు గని, తర్వాత ఎవ్వరూ నవ్వకపోయేది.

పార్టులు తెచ్చే పని నాది, లిస్టు ఆయనది. "లైట్లు మెరిసేటియి వద్దు బిడ్డా, లైట్లతోని బండి ఉరకదు. ర్యామ్ పెద్దది ఒక్కటే తేకు, చిన్నయి రెండు తే. ప్రాసెసర్ సెకండ్‌హ్యాండ్ అయినా ఫికర్ లేదు. పవర్ సప్లయ్ మాత్రం కొత్తది, మంచిది కావాలె. అది కాలిందంటే అన్నిటిని ఎంటేస్కొని పోతది." ఉప్పల్ల షాపాయన ఆ లిస్టు సూసి "ఎవరమ్మా మీ సారు" అని అడిగేటోడు. మా మామ అని గర్వంగ చెప్పేదాన్ని.

ఒక్కసారి మాట వినలే. బోనస్ వచ్చిందన్న షోకుల, అడగకుండ మస్తు పెద్ద గ్రాఫిక్స్ కార్డు పట్కపోయిన. మామ బిగిచ్చిండు. లారీ ఎప్పటిలెక్కనే ఆగుకుంట ఆగుకుంట పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన తిట్టలే. స్క్రీన్ మూలకు, ఏ పార్టు ఎంత పని చేస్తున్నదో చెప్పే అంకెలు తెరిచిండు.

"సూడు, నీ కార్డు సగం ఖాళీగ కూసున్నది. పాత ప్రాసెసర్ పానం పెట్టి ఉరుకుతున్నది, అయినా అందుతలేదు. ముందు ఎక్కడ ఆగుతున్నదో సూడాలె బిడ్డా. తర్వాత కొనాలె."

కార్డు వాపస్ ఇప్పిచ్చి, జర తక్కువల మంచి ప్రాసెసర్ తెప్పిచ్చిండు. లారీ ఉరికింది. ఇప్పటికీ నేను ఏది కొనబోయినా ఆ మాటే గుర్తొస్తది.

నిరుడు ఎండాకాలం, స్టీరింగ్ మీది నుంచి చెయ్యి తియ్యకుండనే అడిగిండు. "ఉప్పల్ల ఒక్కసారి మెట్రో ఎక్కుదామే. నేను మంచిగున్నప్పుడు పిల్లర్లే లేసినయి."

దించాలంటే నలుగురు కావాలె. మెట్ల మలుపుల చక్రాల కుర్చీ తిరగదు. "సూద్దాం మామ, ఎండలు తగ్గనీ" అన్న. ఎండలు తగ్గినయి. నేనేం జేసిన్నో చెప్తే మీరు గూడ తిడుతరు. వెడల్పు మానిటర్ కొనుక్కపోయిన. దాన్ని చేత్తోని నిమిరి "రోడ్డు మంచిగ కనవడ్తది బిడ్డా" అన్నడు. మళ్ల మెట్రో ఊసు ఎత్తలే. ఎక్కడ ఆగుతున్నదో సూడమని నేర్పిన మనిషి మెట్ల కాడ ఆగిపోయిండు, నేను ఏడాదికో పార్టు మోసుకపోయిన. తల్సుకుంటే సిగ్గయితది.

పార్టులొచ్చిన ఖాళీ డబ్బాలు మామ ఒక్కటి గూడ పారెయ్యనియ్యకపోయేది. వారంటీకి డబ్బా అడుగుతరని మెట్ల మలుపుల పేర్పిచ్చేటోడు. అత్త సణుగుకుంటనే పేర్చేది.

ఆ మంగళవారం మామను కిందికి దించిన్రు. పక్కింటోళ్లు ఇద్దరు, కింది ఇంటాయన, మా తమ్ముడు. నలుగురే. మలుపు కాడ ఆగిపోయిన్రు. "డబ్బాలు అడ్డమున్నయి, తియ్యుండ్రి" అని తమ్ముడు అరిచిండు. ముందు దిగుతున్న నేను మళ్ల పైకి ఉరికిన. పవర్ సప్లయ్ డబ్బా, ప్రాసెసర్ డబ్బా, స్టీరింగ్ డబ్బా ఒక్కొక్కటి తీసి రెండో అంతస్తోళ్ల గడపల పెట్టిన. మానిటర్ డబ్బా మిగిలింది. దానికి జాగ లేదు. రెండు చేతులతోని ఎదకు పట్టుకొని గోడకు ఒదిగి నిలవడ్డ.

మామ నా పక్కపొంటి పోయిండు. ఆయన పాదం డబ్బాకు జర తాకింది. కిందికి చేరేటందుకు పది నిమిషాలు గూడ పట్టలే. నేను ఆ డబ్బా పట్టుకొని అక్కడనే నిలవడ్డ.