మీటరు దాటిన కరెంటు

శౌరయ్య మీటర్ రీడరు. పటమట వెనక సందుల్లో పాతికేళ్లు ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూసినవాడు. నా పేరు తిరుపతిరావు, అదే సెక్షన్ ఆఫీసులో బిల్లింగ్ గుమాస్తాని. అతను చూసొచ్చిన అంకెలు నేను పుస్తకంలోకి ఎక్కించేవాణ్ణి. మా ఇద్దరిలో అతను మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివరికొచ్చాక చెప్పడానికి నాకు మనసొప్పకపోవచ్చు.

మా ఆఫీసులో ఒక సూత్రం ఉండేది. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజే నూరిపోసేవాళ్లం. మీటరు దాకా మనది, మీటరు దాటితే వాళ్లది. స్తంభం మీద వైరు తెగితే మనం పరిగెత్తాలి. ఇంట్లో వైరు కాలితే అది వాళ్ల ఖర్మ. ఏ ఫిర్యాదు వచ్చినా ముందు ఈ గీత గీసి చూసేవాళ్లం, అవతలి పక్కదైతే చేతులు దులుపుకునేవాళ్లం. చాలా హాయిగా ఉండేది.

తొంభై ఆరు ఆగస్టులో అక్తరున్నీసా అనే ఆవిడ ఆఫీసుకొచ్చి కాగితం రాసిచ్చింది. భర్త నవాబ్ ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. రేకుల ఇల్లు, రెండు బల్బులు, ఒక ఫ్యాను. అన్నీ ఆపేసినా మీటర్లో చక్రం తిరుగుతూనే ఉందని ఫిర్యాదు. మర్నాడు సాయంత్రం శౌరయ్య వెళ్లాడు.

అప్పటి మీటర్లలో అద్దం వెనక ఒక పల్చటి చక్రం ఉండేది, దాని అంచున ఒక గుర్తు. ఇంట్లో ఎంత వాడితే అంత జోరుగా తిరుగుతుంది, ఏమీ వాడకపోతే ఆగిపోవాలి. శౌరయ్య స్విచ్చులన్నీ ఆపించి చూశాడు. చక్రం తాపీగా తిరుగుతోంది. మీటరు పక్కనున్న మెయిన్ దించాడు, ఆగింది. మళ్లీ ఎక్కించాడు, తిరిగింది. అంటే మీటరు నిజమే చెబుతోంది. ఇంట్లో ఎక్కడో వైరు తొడుగు చివికి, కరెంటు తడిగోడలోకో కప్పు ఇనుములోకో కారుతోంది. ఆ సంగతి శౌరయ్యకి ఆ నిమిషంలోనే తెలిసింది. పదేళ్ల సర్వీసున్న ఏ రీడరుకైనా తెలుస్తుంది.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు హఫ్సా, ఏడో తరగతి పిల్ల, స్కూలు బట్టల్లోనే పక్కన నిలబడి ఇదంతా చూస్తోంది. "అన్నీ ఆపేశాంగా అంకుల్, మరి ఎవరి కోసం తిరుగుతోందది?" అని అడిగింది.

"నీ కోసమేనమ్మా" అన్నాడు శౌరయ్య నవ్వుతూ. "నువ్వు సరిగ్గా చదువుతున్నావో లేదో చూస్తోంది."

ఆకాశం మూసుకొస్తోంది. ఇంకా తిరగాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయి. మీటర్లో లోపమేం లేదని అక్తరున్నీసాతో చెప్పి, కార్డు మీద ఆ మాటే రాసి, సైకిలెక్కాడు. మెయిన్ దించి ఉంచమ్మా, వైర్‌మన్‌ని పిలిపించుకో అని కూడా చెప్పాలి. అర నిమిషం పని. ఈసారి వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున ఆవిడ బట్టలారేసే కొబ్బరితాడు తెగింది. ఇంట్లో పడున్న ఇనుప తీగ తీసి, కప్పు కింది పైపు నుంచి గోడ మేకు దాకా కట్టి, బట్టలారేసింది. పొద్దున పొడిగా ఉన్న గోడా నేలా మధ్యాహ్నం చినుకులు మొదలై తడిశాయి. ఆవిడ మిషను మీద ఉంది. బట్టలు తియ్యవే అని హఫ్సాని కేకేసింది.

ఆ తరవాత జరిగింది నేను రాయను. సందంతా చూసింది, అది చాలు.

విచారణకి పై ఆఫీసరొచ్చాడు. శౌరయ్య నా బల్ల ముందు కూచుని, ఇంట్లో లీకుందని నాకు తెలుసని రాయమంటారా తిరుపతిరావు గారూ అని అడిగాడు. నీకేమైనా పిచ్చా అన్నాను. కాగితం లాక్కుని నేనే రాశాను. 'ఫలానా తేదీన మీటరు పరీక్షించితిని. మీటరు సక్రమముగా పనిచేయుచున్నది.' అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అతను సంతకం పెట్టాడు. రిపోర్టులో కారణం దగ్గర, ఇంటివారు కట్టిన ఇనుప తీగ అని వచ్చింది.

నవాబ్ ఆ రిపోర్టు ఎవరిచేతో చదివించుకుని విన్నాడు. ఇంటికెళ్లి మీటరు దగ్గర ఫ్యూజులు పీకి బందరు కాలవలో పారేశాడు. ఆ ఇంట్లోకి మళ్లీ కరెంటు రానివ్వలేదు, కిరసనాయిలు దీపాలే. పెళ్లాంతో, తీగ కట్టింది నువ్వే, కేకేసింది నువ్వే అని ఒక్కసారి అన్నాడట. ఆ తరవాత ఆవిడతో మాట్లాడలేదు. వండింది తినేవాడు. ఏం కావాలన్నా గోడవైపు తిరిగి చెప్పేవాడు. అలా ఏడేళ్లు.

కనెక్షన్ మాత్రం తీయించుకోలేదు. కనెక్షనుంటే రీడరు వెళ్లాల్సిందే, సున్నా అయినా సరే చూసి రాయాల్సిందే. శౌరయ్య రెండు నెలలకోసారి ఆ గుమ్మంలో నిలబడి, కదలని చక్రాన్ని చూసి, పోయినసారి రాసిన అంకే మళ్లీ రాసుకునేవాడు. అక్తరున్నీసా మంచినీళ్లు తెచ్చిచ్చేది. ఒకసారి నన్ను అడిగి రూటు మార్పించుకున్నాడు. మూడు నెలలు తిరక్కుండానే వచ్చి, పాత రూటే ఇప్పించండి అన్నాడు. వెళ్లకపోతే ఆ పిల్ల తన ఇంటికే వస్తోందట. ఎవరి కోసం తిరుగుతోందది అంకుల్ అని మంచం పక్కన నిలబడి అడుగుతోందట. నేను ఎగతాళి చేశాను. అతని మొహం చూసి ఆపేశాను.

అప్పట్నుంచి అతని పద్ధతి మారిపోయింది. ఏ ఇంటికెళ్లినా అన్నీ ఆపించి, మెయిన్ ఒక్కటే ఉంచి, మూడు నిమిషాలు చక్రం ముందు నిలబడేవాడు. కదిలితే చాలు, అక్కడికక్కడే మెయిన్ దించేసి, ఇంట్లో కరెంటు కారుతోంది, వైర్‌మన్ వచ్చేదాకా ఎక్కించొద్దు అని కాగితం రాసిచ్చేవాడు. సీరియల్ టైములో టీవీ ఆపమంటే ఎవరు ఊరుకుంటారు? చక్రం శౌరయ్య అని పేరు పెట్టారు. ఒకరోజు రూటు మూడు రోజులు పట్టేది. ఆఫీసరు మెమో ఇచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అన్నాన్నేను. ఆ ఆకులే పది పదిహేను ఇళ్లని కాపాడాయని ఇప్పుడు ఒప్పుకుంటాను. వీధిలో పోతూ దండెం కనిపిస్తే చాలు, సైకిలాపి వేళ్ల వెనక పక్కతో తాకి చూసేవాడు. అరచేత్తో పట్టుకుంటే షాకు కొట్టినప్పుడు చెయ్యి బిగుసుకుపోతుంది, వెనక పక్కైతే విదిలించుకుంటుంది. పరాయివాళ్ల బట్టలు తడుముతున్నాడని ఒకచోట తన్నబోయారు కూడా.

అక్తరున్నీసాకి మాత్రం చెప్పలేకపోయాడు. నవాబ్ అంటే భయం, ఉద్యోగం అంటే భయం. చర్చిలో ఫాదరు దగ్గర చెప్పుకున్నాడు. ఆయన విని ప్రార్థన చేసుకోమన్నాడు. భార్య అమలమ్మ, ఇప్పుడు చెబితే ఆ పిల్ల లేచొస్తుందా, ఆడపిల్లలున్నవాళ్లం, నోరుమూసుకో అంది. నేనూ అదే అన్నాను. రెండువేల మూడులో నవాబ్ గుండెపోటుతో పోయాడు. పోయేముందు కూడా మంచినీళ్లు గోడనే అడిగాడట.

ఆవిడ ఒక్కతే మిగిలింది. బుడ్డి దీపం ముందు కుట్టీ కుట్టీ కళ్లు మసకబారాయి. కరెంటు మాటెత్తితే వణుకు. బట్టలు దండెం మీద వెయ్యదు, ప్రహరీ గోడ మీద పరుచుకుంటుంది. రెండువేల ఆరులో శౌరయ్య బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షాపులో సోలారు దీపాలు చూశాడు. చిన్న పలక, ఒక బ్యాటరీ, రెండు ట్యూబులు. ఒకటి రిక్షాలో వేయించుకుని ఆ ఇంటికి తీసుకెళ్లాడు. ఆవిడ గుమ్మం దాటనివ్వలేదు. అప్పుడతను అరుగు మీద కూచుని, బ్యాటరీ రెండు కొనల మీదా రెండు చేతుల బొటనవేళ్లు ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు. ఇది పన్నెండు వోల్టులు చెల్లెమ్మా, మనిషినేం చెయ్యదు అన్నాడు. చివరికి ఆవిడా ఒక వేలు ఆనించి చూసింది. ఇంత నెమ్మదైన కరెంటు కూడా ఉంటుందా అన్నయ్యా అని అడిగిందట. ఆ మాట నాకు చెబుతూ శౌరయ్య ఏడ్చాడు.

పలకని పెరట్లో పైపు మీద, దక్షిణానికి కాస్త వాలుగా బిగించాడు. వారం తిరక్కుండానే దీపాలు ఎనిమిదింటికే ఆరిపోవడం మొదలైంది. ఒక ఆదివారం చర్చిలో పూజ మానేసి, పొద్దుట్నుంచీ ఆ పలక ముందే పీట వేసుకు కూచున్నాడు. మధ్యాహ్నం రెండు దాటాక పక్కింటి మునగచెట్టు కొమ్మ నీడ పలకలో ఒక మూలకొచ్చింది. జానెడు నీడ. ఆ మూల ఒక్కటి ఆగితే దానితో వరసగా కలిసిన గళ్లన్నీ ఆగిపోతాయి, పలక మొత్తం పనిచెయ్యదు. పైపు పీకి నాలుగు గజాలు ఇవతలికి పాతాడు. రోజూ ఎండెక్కకముందే తడిగుడ్డతో దుమ్మూ కాకిరెట్టా తుడవమన్నాడు. బ్యాటరీలో పంపునీళ్లు పొయ్యొద్దు, షాపులో అమ్మే డిస్టిల్డ్ నీళ్లే పొయ్యమన్నాడు. బ్యాటరీ పెట్టె మీద ఎర్రదీపం వెలిగితే ఛార్జి అయిపోయినట్టు, వాడకం ఆపెయ్యమన్నాడు. ఆ తప్పిన అర నిమిషానికి బదులు గంటలకొద్దీ చెప్పాడు. ఆవిడ అన్నీ నేర్చుకుంది. రాత్రి పదింటిదాకా తెల్లటి వెలుతురులో కుట్టుకునేది. ఐదు పూటల నమాజులోనూ మీకోసం దువా చేస్తున్నానన్నయ్యా అనేది. అది విన్నరోజు అతనికి అన్నం దిగేది కాదు.

అతని రిటైర్మెంటు రెండువేల ఎనిమిది మార్చిలో. చివరి రీడింగుకి ఆ ఇంటికెళ్లాడు. ఆవిడ టీ ఇచ్చి, మిషను మీద కూచుని, పన్నెండేళ్లలో ఎన్నడూ అడగనిది అడిగింది. "మీరు కరెంటు తెలిసినవాళ్లు అన్నయ్యా. ఆరోజు నేను తాడే కట్టుంటే పిల్ల బతికేదేగా?"

కాదని ఒక అబద్ధం చెప్పొచ్చు. అవునని ఒక నిజం చెప్పొచ్చు. కాదంటే ఆవిడ నమ్మదు, అవునంటే నేరం ఆవిడ మీదే మిగులుతుంది.

"తీగ నువ్వు కట్టావు చెల్లెమ్మా" అన్నాడు శౌరయ్య. "ఇంట్లో కరెంటు కారుతోందని మాత్రం తొమ్మిది రోజుల ముందే నాకు తెలుసు. మీటరు చూసినప్పుడే తెలిసింది. చెప్పకుండా పోయాను."

ఆవిడ మిషను ఆపింది. మళ్లీ చెప్పమంది. అతను మళ్లీ చెప్పాడు. తిడుతుందని, బయటికి పొమ్మంటుందని, ఏమన్నా పడదామని కూచున్నాడు. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి వేసుకుని అతనివైపు తిరిగింది.

"ఆయనున్నప్పుడు చెప్పాల్సింది" అంది చివరికి. "పిల్ల సంగతి నేనూ అల్లా చూసుకుంటాం. ఆయన మాత్రం నేనే చంపాననుకుంటూ పోయారు. రేపొచ్చి ఆయనకి చెప్పండి."

శౌరయ్య తిన్నగా నా దగ్గరికొచ్చాడు. ఒక్కణ్ణీ వెళ్లలేను, తోడు రండి అన్నాడు. వెళ్లాను. ఆ కాగితం రాసిన చెయ్యి ఎవరిదో కూడా ఆవిడకి చెప్పాడేమోనన్న భయంతోనే వెళ్లాను. చెప్పలేదు. నవాబ్‌ని పూడ్చిన ఖబరస్తాన్‌లోకి ఆడవాళ్లు రారు కాబట్టి అక్తరున్నీసా గేటు దగ్గరే నిలబడి, వేపచెట్టుకి ఎడంపక్క మూడోదని చూపించింది. శౌరయ్య చెప్పులు విడిచి లోపలికెళ్లాడు. నేనూ వెళ్లొచ్చు. నాకూ చెప్పాల్సింది ఉంది. గేటు ఊచ పట్టుకుని ఇవతలే నిలబడిపోయాను.

అతను ఆ సమాధి ముందు తలొంచుకుని పెదాలు కదిపాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"చెప్పారా?" అని అడిగింది.

"చెప్పానమ్మా."

"గట్టిగా చెప్పారా? ఆయనకి సరిగ్గా వినపడదు. లారీ రేకులు కొట్టీ కొట్టీ చెవులు పోయినయి."

శౌరయ్య ఆవిడ మొహంలోకి చూశాడు. వెనక్కి తిరిగి మళ్లీ లోపలికెళ్లాడు. ఈసారి మోకాళ్ల మీద కూచుని, రెండు చేతులూ మట్టి మీద ఆనించి, కేకేసి చెప్పాడు. నాకు తెలుసు, నేనే చెప్పలేదు, మీ ఆవిడ తప్పు లేదు నవాబ్ గారూ అని ఆ ముసలి గొంతు రోడ్డు అవతల కిళ్లీకొట్టు దాకా వినపడింది. జనం తిరిగి చూశారు. అక్తరున్నీసా కొంగు నోట్లో కుక్కుకుని, అలాగే గేటు పక్కన నేల మీద కూలబడింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఇంకొక్కసారి చెప్పమనండి అని నాతో అంది.