కెర్నెల్‌కు శ్రీకారం

దేవుడి పేరు పెట్టి కంప్యూటర్‌ను ఆపేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఎనభైల చివర్లో, హనుమకొండలోని ఓ చిన్న కంపెనీలో ఆ ఘనకార్యం చేశాను.

మా మెషీన్లకు కెర్నెల్ రాసేవాణ్ణి. కెర్నెల్ అంటే మెషీన్‌ను లోపలినుంచి నడిపే అసలు ప్రోగ్రాం. బయటివాళ్ళు రాసే ప్రోగ్రాములు దాన్ని నంబర్లతో పనులు అడుగుతాయి. ఐదంటే మెషీన్ ఆపు, ఆరంటే కాగితం మీద అచ్చు వేయి, ఏడంటే స్క్రీన్ చెరుపు. ఆ బయటివాళ్ళకు సాయం చేయడమూ నా ఉద్యోగమే. చేసిన సాయం వినండి.

రెండో వెర్షన్ మొదలుపెట్టిన రోజు నాలో భక్తి పొంగింది. మా ఇంట్లో ఉప్పు పప్పుల చిట్టీ రాసినా పైన 'శ్రీ' ఉండాల్సిందే. ఇంత పెద్ద కెర్నెల్‌కు లేకపోతే ఎలా? నంబర్ల వరుసలో మొట్టమొదట 'శ్రీ' అని ఓ పని చేర్చాను. అది ఏమీ చేయదు, ఊరికే కూర్చుంటుంది. అది కూర్చోగానే మిగతావన్నీ తలా ఒక స్థానం వెనక్కి జరిగాయని ఈ మహామేధావికి తట్టలేదు. దర్జాగా అందరికీ ఫ్లాపీలు పంచేశాను.

కొన్నాళ్ళకు మట్టెవాడ యాకూబ్ రొప్పుతూ వచ్చాడు. పత్తి వ్యాపారులకు బిల్లులు వేసే ప్రోగ్రాం రాశాడతను. దాన్ని ఆ మధ్యాహ్నమే మా ఆఫీసులో ఓ సేటుకు చూపించాలి. అతని మొట్టమొదటి బేరం.

"రాజన్నా, బిల్లు కొట్టుమంటే మెషీనే బంద్ అయితాంది!"

"కరెంటు పోయిందేమో సూసినవా?"

"ఫ్యాను తిరుగుతాంది గద భాయ్! సేటు జర సేపట్ల వస్తడు. నడువకపోతే హైదరాబాదోళ్ళ దగ్గర కొంటడట. నన్ను ఆగం జేయకు!"

చూశాను. ఒళ్ళంతా చెమట. అతని ప్రోగ్రాం ఆరు అడుగుతోంది. నా కొత్త కెర్నెల్‌లో ఆరంటే ఆపు! దండం పెట్టుకుని 'శ్రీ'ని పీకేశాను. బిల్లు అచ్చయింది.

హమ్మయ్య అనుకునేలోపు కాశిబుగ్గ స్వరూప వచ్చింది. చేనేత సంఘానికి కూలి లెక్కల ప్రోగ్రాం రాసిన అమ్మాయి.

"అన్నా, నీ కొత్త వెర్షన్‌కు నా నంబర్లన్నీ మార్చుకొచ్చిన. జర నడిపి సూద్దాం."

నడిపాం. అచ్చు కాలేదు, స్క్రీనంతా చెరిగిపోయింది.

"ఇదేందన్నా?"

"శ్రీని తీసేసిన చెల్లె."

"తీసేసినవా! కండ్లు కాయలు గాసేదాక కూసోని మార్చిన. మల్ల పెట్టు!"

"పెడితే నేను మునుగుత!" అన్నాడు యాకూబ్.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు. నాకు ముందు యాకూబ్, వెనుక స్వరూప, గుమ్మంలో సేటు.

"సేటుకు చాయ్ తాపియ్యి యాకూబ్, మెల్లగ తాపియ్యి!" అని కూర్చున్నాను. ఏ ప్రోగ్రాం ఏ వెర్షన్ కోసం తయారైందో దాని మొదట్లోనే గుర్తు ఉంటుంది. కెర్నెల్ ముందు ఆ గుర్తు చూసి, పాతదానికి పాత నంబర్లు, కొత్తదానికి కొత్త నంబర్లు వాడేలా మార్చాను.

సేటు రెండో చాయ్ ముగించేసరికి యాకూబ్ బిల్లు టకటకా అచ్చయింది. దాని వెనకే, అదే మెషీన్ మీద, స్వరూప కూలి లెక్క! సేటు కాగితం తిప్పి తిప్పి చూసి, "పక్కా ఉన్నది. ఇయ్యాల్నే మా దుకాణంల పెట్టు" అన్నాడు. యాకూబ్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. స్వరూప చప్పట్లు కొట్టింది. ఓరుగల్లు కోట గెలిచినంత సంబరపడ్డాను.

ఆ ఊపులోనే, "ఫికర్ జేయకుండ్రి, వచ్చే వెర్షన్ల శ్రీని పీకేసి ఈ తప్పును మొత్తానికే దిద్దేస్త" అన్నాను.

"వద్దన్నా, నీ కాల్మొక్కుత!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తప్పు చేయనని మాట ఇవ్వలేను. కానీ నలుగురు దాని మీద బతకడం మొదలుపెట్టాక, చేసిన తప్పును ఈ జన్మలో దిద్దను.